థైరాయిడ్ గోలీ, క్యాన్సర్ భయం: ఎవరికి ఏ వైద్యం తగును

థైరాయిడ్ గోలీ మొదలుపెట్టమని డాక్టరు చెప్పిన రోజే చాలామంది స్త్రీలకు ఇరుగుపొరుగు నుంచి రెండు మాటలు చెవిన పడతాయి. ఈ గోలీ ఒకసారి మొదలైతే బతికినన్నాళ్లూ మానరాదన్నది ఒకటి, హార్మోను గోలీలు ఏళ్ల తరబడి మింగితే రొమ్ము క్యాన్సర్ వస్తుందన్నది రెండవది. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా, దేవరకొండ, అచ్చంపేట వంటి చోట్లనైనా మందుల చీటీ చేతిలో పట్టుకుని కొనాలా వద్దా అని ఆగిపోయే స్త్రీల మనసులో ఎక్కువగా ఉండేది ఈ రెండో మాటే. మొదటిది అందరి విషయంలో నిజం కాదు. రెండవదానికి ఆధారం ఎంత ఉన్నది, అది ఏ వైద్యానికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అన్నది తెలుసుకోకుండా గోలీ మానుకోవడం ఎంత నష్టమో, అవసరం లేకున్నా మింగుతూ పోవడమూ అంతే నష్టం.

థైరాయిడ్ వైద్యం అని మనం ఒకే పేరుతో పిలిచే దాంట్లో నిజానికి వేర్వేరు నిర్ణయాలు ఉన్నాయి. గ్రంథి మందగించిన స్త్రీ గోలీ వేసుకోవాలా, కొంతకాలం ఆగి చూడాలా అన్నది ఒక నిర్ణయం. గ్రంథి అతిగా పనిచేస్తున్న స్త్రీ మందులతో సరిపెట్టుకోవాలా, రేడియేషన్‌తో గ్రంథిని నశింపజేసే రేడియో అయోడిన్ తీసుకోవాలా, ఆపరేషన్ చేయించుకోవాలా అన్నది మరొకటి. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన స్త్రీ ఎంత మోతాదు వేసుకోవాలన్నది ఇంకొకటి. క్యాన్సర్ అన్న మాటకు ఈ మూడింటిలోనూ ఒకే బరువు లేదు. మొదటి నిర్ణయంలో దానికి దాదాపు చోటు లేదు. రెండవదాంట్లో దాన్ని తప్పక త్రాసులో పెట్టాలి. మూడవదాంట్లో గోలీయే క్యాన్సర్‌ను అడ్డుకోవడానికి ఇచ్చేది, దాని మూల్యం మాత్రం ఎముకలూ గుండే చెల్లిస్తాయి. మన దగ్గర కనిపించేది దీనికి తలకిందులు. సాదా థైరాక్సిన్ గోలీకి, అంటే హార్మోను లోటు పూడ్చే గోలీకి, భయపడేవారు చాలామంది, రేడియో అయోడిన్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సంతకం పెట్టేవారూ చాలామందే.

భయం ఎక్కడి నుంచి వచ్చింది

ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. 1976లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. రొమ్ము ఎక్స్‌రే, అంటే మామోగ్రామ్, చేయించుకున్న స్త్రీలలో థైరాయిడ్ గోలీలు వాడుతున్నవారిలో సుమారు 12 శాతం మందికి, వాడనివారిలో సుమారు 6 శాతం మందికి రొమ్ము క్యాన్సర్ ఉన్నట్టు అందులో రాశారు. రెట్టింపు అన్న ఆ మాట అప్పట్లో పెద్ద కలవరం రేపింది. అయితే గోలీలు వాడుతున్నవారి వయసు ఎంత, వారికి పిల్లలు ఉన్నారా, అసలు ఏ కారణంతో పరీక్షకు వచ్చారు అన్న తేడాలను అందులో సరిగా లెక్కలోకి తీసుకోలేదన్న విమర్శ వెంటనే వచ్చింది, తర్వాతి పరిశోధనలు ఆ రెట్టింపును బలపరచలేదు.

దీనికి 2002 నాటి మరో సంగతి తోడైంది. ముట్లుడిగిన స్త్రీలకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చే హార్మోను గోలీల వల్ల రొమ్ము క్యాన్సర్ పెరుగుతున్నదని అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో తేలింది. అది నిజమైన ఫలితమే. కానీ ఆ గోలీకీ థైరాయిడ్ గోలీకీ సంబంధం లేదు. థైరాక్సిన్ అండాశయ హార్మోను కాదు. మెడలోని గ్రంథి ప్రతి మనిషిలో, మగవారిలో కూడా, పుట్టినప్పటి నుంచీ తయారుచేసేదే అది. ఆ గ్రంథి చేయలేకపోయిన మేరకే గోలీ లోటు పూడుస్తుంది.

మరి ప్రయోగశాలలో ఏం కనబడింది? థైరాక్సిన్ కణం గోడపై ఉండే ఒక రకం ఇంటెగ్రిన్ ప్రొటీన్‌కు అంటుకుని కొన్ని క్యాన్సర్ కణాల పెరుగుదలను ఉసిగొల్పగలదని గాజు పాత్రల్లోని ప్రయోగాలు చూపాయి. మనుషుల్లో చూస్తే, నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ నగరంలో పదివేలమందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రక్తంలో ఫ్రీ టీ4, అంటే విడిగా తిరిగే థైరాక్సిన్, ఎక్కువగా ఉన్నవారిలో రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లు కొంత ఎక్కువగా కనిపించాయి. అదే సంవత్సరం డెన్మార్క్ నుంచి వచ్చిన మరింత పెద్ద లెక్క చూడదగినది. థైరాయిడ్ అతిగా పనిచేసిన సుమారు 80 వేల మంది స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ఊహించినదానికంటే 11 శాతం ఎక్కువగానూ, థైరాయిడ్ మందగించిన సుమారు 62 వేల మందిలో 6 శాతం తక్కువగానూ ఉన్నది. గోలీయే క్యాన్సర్ తెచ్చేదైతే, గోలీ వాడే గుంపు అయిన ఈ రెండో గుంపులో అది తగ్గడానికి వీలు లేదు.

తైవాన్ ఆరోగ్య బీమా రికార్డుల నుంచి ఇటీవలి సంవత్సరాల్లో వచ్చిన అధ్యయనాలలో మాత్రం గోలీ వాడినవారిలో కొన్ని క్యాన్సర్లు కొంత ఎక్కువగా కనిపించాయి. వీటిని దాచవలసిన పని లేదు, వాటిని చదివే తీరు తెలిస్తే చాలు. గోలీ వాడే మనిషి తరచుగా దవాఖానకు వెళుతుంది, పరీక్షలు చేయించుకుంటుంది, కాబట్టి ఇతరులలో కనబడకుండా ఉండిపోయే గడ్డ ఆమెలో ముందే బయటపడుతుంది. క్యాన్సర్ మొదలవుతున్న దశలో అలసట వస్తే, ఆ అలసటకు రక్తపరీక్ష చేసి థైరాయిడ్ గోలీ రాయడమూ ఉన్నది. పైగా ఇలాంటి రికార్డులలో చాలాసార్లు మనిషి బరువు, తాగుడు, పొగ, తల్లికో అక్కకో క్యాన్సర్ ఉన్నదా అన్న వివరాలు ఉండవు. ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: సరైన మోతాదులో లోటు పూడ్చే గోలీ క్యాన్సర్ తెస్తుందని నిరూపణ లేదు, రక్తంలో హార్మోను అవసరానికి మించి ఉండటం మాత్రం, రోగం వల్లనైనా, ఎక్కువ మోతాదు వల్లనైనా, మంచిది కాదన్న సూచన ఉన్నది. కాబట్టి భయపడవలసింది గోలీకి కాదు, లెక్క తప్పిన గోలీకి.

టీఎస్‌హెచ్ కాస్త పెరిగితే: గోలీయా, నిరీక్షణా

టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పనిచేయమని మెదడు కింది గ్రంథి పంపే హార్మోను, థైరాయిడ్ మందగిస్తే అది పెరుగుతుంది. మూడు వరుసల రిపోర్టు కాగితంలో థైరాయిడ్ హార్మోన్లైన టీ3, టీ4 మామూలుగా ఉండి, టీఎస్‌హెచ్ ఎదురుగా 6.8 అనో 7.4 అనో నల్లటి అక్షరాల్లో ఉండి పక్కన పైకి చూపే బాణం గుర్తు ఉంటుంది. ఎక్కువ వాదన ఈ కాగితం చుట్టూనే జరుగుతుంది. ఒక డాక్టరు 25 మైక్రోగ్రాములు మొదలుపెట్టమంటారు, ఇంకొకరు మూడు నెలలు ఆగి మళ్లీ చూద్దామంటారు. ఇద్దరిలో ఎవరు సరి అన్నది ఆ స్త్రీ ఎవరన్నదాని మీద ఆధారపడుతుంది.

ముందుగా, ఒక్క పరీక్షతో నిర్ణయించకూడదు. జ్వరమో పెద్ద జబ్బో వచ్చి తగ్గిన తర్వాత కొన్ని వారాలు టీఎస్‌హెచ్ పెరిగి, తనంతట తాను దిగుతుంది. జుట్టు రాలుతున్నదని వాడే బయోటిన్ గోలీలు కొన్ని ల్యాబ్ యంత్రాల లెక్కను తారుమారు చేస్తాయి, కాబట్టి పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి. వయసు పైబడితే టీఎస్‌హెచ్ సహజంగానే కాస్త పైకి జరుగుతుంది. 75 ఏళ్ల ముసలమ్మకు 6 ఉంటే అది రోగం కాకపోవచ్చు. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించిన పరీక్షలో కూడా పెరిగే ఉంటే అప్పుడు ఆలోచన మొదలుపెట్టాలి. సర్కారు దవాఖానలో రక్తం ఇస్తే అది తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు వెళ్లి రిపోర్టు రుసుము లేకుండా వస్తుంది కాబట్టి రెండోసారి చేయించుకోవడానికి డబ్బు అడ్డం కావలసిన అవసరం లేదు.

రెండోసారీ పెరిగినప్పుడు, 65 దాటిన స్త్రీకి, టీఎస్‌హెచ్ 10 లోపు ఉంటే, నిరీక్షణే నయం. ఇది ఊహ కాదు. ఆ వయసు దాటిన 737 మందిలో సగం మందికి గోలీ, సగం మందికి మందు లేని ఉత్త గోలీ ఇచ్చి పరీక్షించిన ట్రస్ట్ అధ్యయనం 2017లో వెలువడింది, అలసటలో గానీ, ఇతర బాధల్లో గానీ గోలీ వల్ల తేడా కనబడలేదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన నిపుణుల సిఫారసు ఇంకా గట్టిగా, టీఎస్‌హెచ్ 20 దాటని చాలామంది పెద్దలకు గోలీ వద్దనే చెప్పింది. మన దగ్గరి డాక్టర్లు చాలామంది 10 దగ్గరే గీత గీస్తారు. 10 దాటితే గోలీ మొదలుపెట్టడం తప్పు కాదని నా అభిప్రాయం కూడా, ఎందుకంటే మన పల్లెల్లో ఆరు నెలలకోసారి వచ్చి పరీక్ష చేయించుకుంటానన్న మనిషి రెండేళ్లకు గానీ రాదు, అప్పటికి అది ఇంకా పెరిగి ఉండవచ్చు.

ఈ నియమాలేవీ వర్తించని స్త్రీ ఒకరున్నారు. గర్భిణికీ, గర్భం కోసం చూస్తున్న స్త్రీకీ నిరీక్షణ తగదు. మొదటి మూడు నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన హార్మోను తల్లి నుంచే అందాలి, లోటు ఉంటే గర్భం నిలవకపోవడం కూడా జరుగుతుంది. ముందే గోలీ వాడుతున్న స్త్రీకి గర్భం నిలిచిందని తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి, మోతాదు సాధారణంగా నాలుగో వంతు నుంచి సగం దాకా పెంచవలసి వస్తుంది. క్యాన్సర్ వస్తుందని ఎవరో అన్నారని గర్భిణి గోలీ ఆపేయడం, ఈ మొత్తం వ్యవహారంలో జరిగే అన్నింటికంటే పెద్ద పొరపాటు.

అవసరం లేనివారి విషయంలో కూడా ఒక మాట. బరువు తగ్గడానికి థైరాయిడ్ గోలీ వాడకూడదు. గ్రంథి బాగానే ఉన్న మనిషికి తక్కువ మోతాదు బరువు తగ్గించదు, ఎక్కువ మోతాదు గుండె లయను చెడగొడుతుంది. మెడలో కణితి ఉంటే అది కరుగుతుందని గోలీ ఇచ్చే పాత అలవాటు కూడా ఇప్పుడు పోయింది, ఎక్కడైనా రాస్తే ఎందుకని అడగవచ్చు.

గోలీ ఖాయమైతే: ఏ రకం, ఎప్పుడు

టీఎస్‌హెచ్ బాగా పెరిగి, టీ4 పడిపోయిన స్త్రీకి వాడాలా వద్దా అన్న ప్రశ్న లేదు. ఆమె ముందున్నది రకం ఎంపిక మాత్రమే. లీవోథైరాక్సిన్ అనే టీ4 గోలీ, ఎల్ట్రాక్సిన్, థైరోనార్మ్ వంటి పేర్లతో దొరికేది, అన్నింటిలోకీ నమ్మదగినది. శరీరం దాన్ని తనకు కావలసినంత మేరకు టీ3గా మార్చుకుంటుంది. జంతువుల గ్రంథి ఎండబెట్టి చేసిన గోలీలలోనూ, విడిగా ఇచ్చే టీ3లోనూ హార్మోను కొన్ని గంటలపాటు ఒక్కసారిగా పైకి లేస్తుంది; హార్మోను మించకూడదన్నదే మన లెక్క అయినప్పుడు వాటి వైపు వెళ్లడానికి కారణం కనబడదు. సంతలోనూ ఫోన్‌లోనూ అమ్మే ‘థైరాయిడ్ మూలాన్ని నయం చేసే’ పొడుల గురించి రెండో వాక్యం రాయడం దండగ.

ధర విషయంలో పెద్ద ఆలోచన అక్కర్లేదు, మామూలు మోతాదుకు రోజుకు రెండు మూడు రూపాయలకు మించదు. కంపెనీ ఏదైనా ఫరవాలేదు గానీ, ఒకసారి కుదిరిన కంపెనీని నెలకోసారి మార్చకూడదు, మార్చితే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ మళ్లీ చూసుకోవాలి. సీసా మీది అంకె మైక్రోగ్రాములు. అత్తకు 100, కోడలికి 50 ఉండి రెండు సీసాలూ ఒకే గూట్లో పక్కపక్కన ఉన్న ఇళ్లలో, నెలల తరబడి ఒకరి గోలీ ఒకరు మింగడం అరుదేమీ కాదు. మూతపై పేరు రాసి పెట్టుకుంటే ఆ బెడద తీరుతుంది. మే నెలలో నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలకు చేరే రోజుల్లో రేకుల ఇంట్లో కిటికీ మీద పెట్టిన సీసాలో మందు బలం తగ్గుతుంది. మూడు నెలలకు సరిపడా ఒకేసారి కొనేవారు దాన్ని మట్టికుండ దగ్గరో, ఇంట్లో అన్నింటికంటే చల్లటి పొడి మూలనో పెట్టాలి, తడి మాత్రం తగలరాదు. వేసవిలో వాడిన గోలీ పనిచేయక టీఎస్‌హెచ్ పెరిగితే, జూన్‌లో డాక్టరు మోతాదు పెంచుతారు, కొత్త సీసా వచ్చాక అదే మోతాదు ఎక్కువైపోతుంది.

పొద్దునా, రాత్రా అన్నది పైకి చిన్న విషయంగా కనిపించినా చాలామందికి మోతాదు కుదరకపోవడానికి అదే కారణం. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఏమీ తీసుకోకూడదన్నది నియమం. ఛాయ్ కూడా ‘ఏమీ’ కిందికే వస్తుంది. ఐరన్, క్యాల్షియం గోలీలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. పత్తి ఏరడానికో నాట్లకో తెల్లవారకముందే బండెక్కే స్త్రీకి ఆ గంట దొరకదు. ఆమె ఛాయ్‌తో పాటే గోలీ మింగుతుంది, దవాఖానలో ఇచ్చిన ఐరన్ గోలీ కూడా అప్పుడే వేసుకుంటుంది. అలాంటివారికి రాత్రి పడుకునే ముందు వేసుకోవడం మంచి మార్గం. 2010లో నెదర్లాండ్స్‌లో 90 మందిపై జరిగిన పరీక్షలో రాత్రి వేసుకున్నప్పుడు టీఎస్‌హెచ్ ఇంకా మెరుగ్గా ఉన్నట్టు తేలింది. కాకపోతే రాత్రి బువ్వకూ గోలీకీ మధ్య మూడు గంటలు ఉండాలి. ఎనిమిదింటికి తిని తొమ్మిదింటికి పడుకునే ఇంట్లో అది కుదరదు, ఏడింటికే తినే ఇంట్లో కుదురుతుంది. ఏ పూట ఎంచుకున్నా దాన్నే పట్టుకోవాలి.

మోతాదు మించిందా అన్నది ఏటా ఒకసారైనా చూడాలి. టీఎస్‌హెచ్ 0.1 కంటే కిందికి దిగి అలాగే ఉండిపోతే, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలలో, గుండె లయ తప్పడమూ, ఎముకలు గుల్లబారడమూ ఎక్కువవుతాయి. గుండె దడ, చేతుల వణుకు, నిద్రపట్టకపోవడం, బాగా తింటున్నా బరువు తగ్గడం దీని గుర్తులు. ఇక్కడ నల్లగొండ జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు కృష్ణా నీళ్లు ఇంటికి రాకముందు బోరునీళ్లు తాగుతూ పెరిగిన స్త్రీలలో ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి ఉంటుంది. ఫ్లోరోసిస్ సోకిన ఎముక సాంద్రత పరీక్షలో గట్టిగా, దిట్టంగా కనిపిస్తుంది గానీ నిజంలో పెళుసుగా ఉంటుంది. అందువల్ల ఎముకల స్కాన్ బాగుందన్న ధీమాతో ఎక్కువ మోతాదును కొనసాగించడం ఈ ప్రాంతపు స్త్రీల విషయంలో ఇంకా ప్రమాదం. బోరునీళ్లు ఎన్నేళ్లు తాగారో డాక్టరు అడగకపోయినా చెప్పడం మంచిది.

గ్రంథి అతిగా పనిచేస్తే: మందు, రేడియో అయోడిన్, ఆపరేషన్

క్యాన్సర్ ప్రశ్నను నిజంగా అడగవలసిన చోటు ఇదే. శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున గ్రంథిని ఉసిగొల్పే గ్రేవ్స్ జబ్బు అనే రకంలో మూడు దారులూ తెరిచే ఉంటాయి, మూడూ పనిచేస్తాయి, కాబట్టి ఎంపిక పూర్తిగా ఆ స్త్రీ వయసు, ఇల్లు, పిల్లల ఆలోచన మీద ఆధారపడుతుంది.

కార్బిమజోల్ వంటి గోలీలను ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా వాడతారు. గ్రంథి మిగులుతుంది, కోత ఉండదు, రేడియేషన్ ఉండదు. అయితే ఆపిన తర్వాత సుమారు సగం మందిలో జబ్బు తిరగబెడుతుంది. వెయ్యిమందిలో ఇద్దరు నుంచి ఐదుగురిలో తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. జ్వరం, గొంతునొప్పి వస్తే గోలీ ఆపి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలన్నది వాడే ప్రతి స్త్రీకీ, ఆమె ఇంట్లోవారికీ తెలిసి ఉండాలి. గర్భం మొదటి మూడు నెలల్లో కార్బిమజోల్ బిడ్డకు లోపాలు కలిగించవచ్చు, ఆ సమయంలో ప్రొపైల్‌థయోయురాసిల్ అనే మరో మందుకు మారుస్తారు. మందు వల్ల క్యాన్సర్ ప్రశ్న లేదు.

రేడియో అయోడిన్ ఒక్కసారి మింగితే చాలావరకు పని ముగుస్తుంది. గ్రంథి దాన్ని పీల్చుకుని లోపలి నుంచి నశిస్తుంది, తర్వాత చాలామంది జీవితాంతం థైరాక్సిన్ గోలీ వేసుకోవాలి. అమెరికా, బ్రిటన్‌లలో 1946 నుంచి 1964 మధ్య థైరాయిడ్ అతిక్రియకు వైద్యం పొందినవారిని దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. రేడియో అయోడిన్ పొందిన 18,805 మందిలో, అవయవానికి తగిలిన రేడియేషన్ పెరిగేకొద్దీ గడ్డలుగా ఏర్పడే క్యాన్సర్లతో, అందులో రొమ్ము క్యాన్సర్‌తో, మరణాలు కొంచెం కొంచెం పెరిగాయి. ఇప్పటి మోతాదులకు దాన్ని అన్వయించి, 40 ఏళ్ల వయసులో ఈ వైద్యం పొందిన ప్రతి వెయ్యిమందిలో జీవితకాలంలో 19 నుంచి 32 అదనపు క్యాన్సర్ మరణాలు ఉండవచ్చని పరిశోధకులు అంచనా కట్టారు. ఈ లెక్క కట్టిన పద్ధతిని తప్పుపట్టిన నిపుణులు ఉన్నారు, ఆ తర్వాతి కొన్ని సమీక్షల్లో మొత్తం మీద క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదు. అయినా రేడియేషన్ ప్రభావం వయసు చిన్నదైనకొద్దీ ఎక్కువ కాలం మోయవలసినది కాబట్టి, 25 ఏళ్ల స్త్రీకీ 62 ఏళ్ల స్త్రీకీ ఇదే సలహా ఒకేలా ఇవ్వడం నాకు సబబుగా తోచదు. అరవై దాటి, గుండె బలహీనంగా ఉండి, మందులతో జబ్బు తిరగబెట్టిన స్త్రీకి రేడియో అయోడిన్ చక్కని దారి. ఇరవైల్లో ఉండి, తల్లికి రొమ్ము క్యాన్సర్ ఉన్న అమ్మాయికి మందునో ఆపరేషన్‌నో ముందు ఆలోచించాలి.

దీనికి ఇంటి లెక్క కూడా ఉన్నది. గర్భిణులకు ఇవ్వకూడదు, పాలిచ్చే తల్లులు ముందే పాలు మాన్పించాలి, తర్వాత కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. గోలీ మింగిన తర్వాత కొన్ని రోజులు చిన్నపిల్లలకూ గర్భిణులకూ దగ్గరగా మెలగకూడదు. రెండు గదుల ఇంట్లో మనుమడిని పక్కలో వేసుకుని పడుకునే నాయనమ్మ ఆ రోజులు ఎక్కడ ఉంటుందన్నది ముందే తేల్చుకోవాలి. ఈ వైద్యం న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న ఆస్పత్రుల్లోనే జరుగుతుంది కాబట్టి మనవాళ్లు సాధారణంగా హైదరాబాద్ వెళ్లి వస్తారు. తిరుగు ప్రయాణం ఎలా అన్నది అక్కడే అడగాలి. ఆడవాళ్లకు బస్సు ఉచితమే కదా అని, ఒడిలో పిల్లలున్న తల్లుల మధ్య ఇరుక్కుని కొల్లాపూర్ దాకా మూడు నాలుగు గంటలు కూర్చోవడం మంచిది కాదు. కళ్లు ఉబ్బి ముందుకు వచ్చినవారిలో ఈ వైద్యం కంటి బాధను పెంచవచ్చు, అది ఉంటే ముందే చెప్పాలి.

ఆపరేషన్ మూడింటిలోకీ వేగమైనది, రేడియేషన్ లేనిది. మెడ గడ్డ చాలా పెద్దదైతే, లోపల అనుమానించదగిన కణితి ఉంటే, కళ్ల బాధ ఎక్కువగా ఉంటే ఇదే మేలు. గొంతు నరానికి దెబ్బ తగిలి స్వరం మారడమూ, పక్కనే ఉండి క్యాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని క్యాల్షియం పడిపోవడమూ దీని ప్రమాదాలు. థైరాయిడ్ ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్ చేతిలో ఇవి చాలా తక్కువ. ‘ఏడాదికి ఎన్ని చేస్తారు?’ అని అడగడానికి మొహమాట పడనక్కర్లేదు.

క్యాన్సర్ ముందే వచ్చినవారికి

థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవారికి గోలీని కావాలనే కొంచెం ఎక్కువగా ఇస్తారు, ఎందుకంటే మిగిలిన క్యాన్సర్ కణాలను టీఎస్‌హెచ్ ఉసిగొల్పుతుంది. ఎంత ఎక్కువ అన్నదే తేల్చుకోవాలి. అమెరికా థైరాయిడ్ సంఘం 2015 సూచనల ప్రకారం తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ ఉన్నవారికి టీఎస్‌హెచ్ 0.1 కంటే కింద, మధ్యస్థంగా ఉన్నవారికి 0.1 నుంచి 0.5 మధ్య, తక్కువ ప్రమాదం ఉన్నవారిలో చాలామందికి 0.5 నుంచి 2 మధ్య ఉంచితే చాలు. చిన్న కణితి తీసేసి పదేళ్లు గడిచిన స్త్రీ ఇప్పటికీ 0.02తో ఉంటే, ఆ మోతాదు ఇంకా అవసరమా అని అడగడానికి ఆమెకు పూర్తి కారణం ఉన్నది.

రొమ్ము క్యాన్సర్ వైద్యం జరుగుతున్న స్త్రీ థైరాక్సిన్ మానకూడదు. టామాక్సిఫెన్ అనే రొమ్ము క్యాన్సర్ మందు వాడేటప్పుడు థైరాయిడ్ హార్మోనును పట్టి ఉంచే ప్రొటీన్ రక్తంలో పెరగవచ్చు కాబట్టి గోలీ మోతాదు మార్చవలసి రావచ్చు, రెండు మూడు నెలలకు ఒకసారి టీఎస్‌హెచ్ చూస్తే సరిపోతుంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికో మరో చోటికో వెళ్లేటప్పుడు థైరాయిడ్ సీసాను సంచిలో వేసుకుని వెళ్లి చూపించాలి. గోలీ పేరు మరచిపోయి ‘తెల్లది, చిన్నది’ అని చెబితే అక్కడి డాక్టరుకు పనికిరాదు.

థైరాక్సిన్ వాడుతున్నందుకు అదనంగా మామోగ్రామ్‌లు చేయించుకోనక్కర్లేదు. వాడినా వాడకున్నా 30 దాటిన ప్రతి స్త్రీకీ జాతీయ కార్యక్రమం కింద ఐదేళ్లకోసారి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి పరీక్ష ఉన్నది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎమ్‌నో ఆశానో అడిగితే ఏ రోజు చేస్తారో చెబుతారు. రొమ్ములో నొప్పి లేని గట్టి గడ్డ, చనుమొన లోపలికి గుంజుకుపోవడం, దాని నుంచి రక్తపు చుక్క, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం, చంకలో బిళ్ల కట్టడం వంటిది ఏదైనా కనబడితే ఐదేళ్ల లెక్క చూడకుండా ఆ వారమే చూపించుకోవాలి. అప్పుడు కూడా థైరాయిడ్ గోలీని ఆపకుండా, ఎప్పటిలాగే పరగడుపున వేసుకునే వెళ్లాలి.